గోడ మీద అత్త రిపోర్టు

మా అత్తకు నా మీద నమ్మకం పోయింది బిస్కెట్ల డబ్బా వల్ల.

అత్త అంటే మా నాన్నకు అక్క. ఎనిమిదో ఏట జ్వరం వచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఆ తర్వాత ఆవిడ చదువుకుంది, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక పెద్ద ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసింది, నన్ను పెంచింది, ఇప్పుడు నా ఇంట్లో ఉంటూ ఇంకా పెంచుతూనే ఉంది. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఈ పెంపకం ఎప్పటికి పూర్తవుతుందో ఆవిడ చెప్పదు.

మొన్నామధ్య ఆవిడకు రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు నా ఫోనుకు వచ్చింది. చక్కెర ఉండవలసినదానికన్నా బాగా ఎక్కువ ఉంది. పెద్దావిడను కంగారు పెట్టడం దేనికని నేను "అంతా బాగుంది అత్తా" అనేసి, ఆ సాయంత్రమే బిస్కెట్ల డబ్బా తీసి అటకమీద పెట్టాను. ఎంత తెలివైనవాణ్నో అనుకుని ఆ పూట హాయిగా నిద్రపోయాను కూడా. మూడో రోజు పొద్దున అత్త నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"రిపోర్టు బాగుందన్నావు. డబ్బా మాయమైంది. రెంటిలో ఒకటి అబద్ధం. ఏదిరా?"

నేను అటక వంక చూశాను.

"నా ఒంట్లో ఏముందో ఊరందరికీ తెలిశాక నాకు తెలియాలా? ఇకమీదట నా రిపోర్టు మొట్టమొదట నేనే చదువుకుంటాను. నీకు చెప్పాలనిపిస్తే చెప్తాను, లేకపోతే లేదు."

"ఎలా చదువుతావు అత్తా?"

"నువ్వేగా ఆ ఆసుపత్రికి యాప్ చేస్తున్నది. గుడ్డివాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా వాడుకోవచ్చని ఇంట్లో చెవులు చిల్లులుపడేలా చెప్పావు కదా. నెలలో మళ్ళీ పరీక్ష ఉంది. ఆ రిపోర్టు నీ యాప్‌లోనే చదువుతాను."

నిజమే, చెప్పాను. గొప్పలు చెప్పుకోవడంలో నాది చిన్నప్పటి నుంచీ పెద్ద చెయ్యి.

మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. మా బాసును వెనకాల అందరం తథాస్తు అంటాం. ఎదుటివాళ్ళు ఏది అడిగినా ఆయన అయిపోతుందంటాడు. ఎలా అవుతుందన్నది మా నెత్తిన పడుతుంది. ఆసుపత్రివాళ్ళు, "చూపు లేనివాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు, వినపడనివాళ్ళు, అందరూ ఎవరి మీదా ఆధారపడకుండా వాడుకోవాలి" అన్నారు. ఆయన తథాస్తు అన్నాడు.

చూపు లేనివాళ్ళ కష్టం మాకు తెలియాలని ఆయన ఒక మధ్యాహ్నం మా అందరి కళ్ళకూ గంతలు కట్టించాడు. తనూ కట్టుకున్నాడు. పావుగంటలో ఒకడు తన కాఫీ పక్కవాడి ఒళ్ళో పోశాడు, ఇద్దరు గుమ్మంలో తలలు ఢీకొట్టుకున్నారు, తథాస్తు బీరువాకు ఎదురుగా నిలబడి అది మేమే అనుకుని సహానుభూతి గురించి ఉపన్యాసం ఇచ్చాడు. బీరువా శ్రద్ధగా విన్నది. గంతలు విప్పాక ఆయన తేల్చిందేమిటంటే, పాపం వాళ్ళకు ధైర్యం కావాలి, కాబట్టి యాప్ తెరవగానే వేణువు వినిపించాలి. పెట్టాం. మా ఇంట్లోనే ఒకావిడ అరవై ఏళ్ళుగా ఆ చీకట్లో కాఫీ కలుపుకుంటోందనీ, ఒక్క చుక్క ఒలకదనీ, ఆవిణ్ని ఒక్క మాట అడిగితే పోయేదనీ నాకు తట్టలేదు.

తర్వాత బొమ్మల పని వచ్చింది. అత్త ఫోను తెరమీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపిస్తుంది. ఆవిడ దాని వేగం ఎంత పెంచిందంటే మనకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆ గొంతుకు అత్త గడగడమ్మ అని పేరు పెట్టింది. అయితే గడగడమ్మ అక్షరాలు చదువుతుంది గానీ బొమ్మలు చదవలేదు. అందుకని ప్రతి బొమ్మ వెనకా అది ఏమిటో చెప్పే మాట ఒకటి మనం రాసిపెట్టాలి. ఆ మాట తెరమీద కనిపించదు, గడగడమ్మకు మాత్రమే దొరుకుతుంది. మా యాప్‌లో బొమ్మలు నూట నలభై మూడు.

మొదటి పదీ శ్రద్ధగా రాశాను. ఇరవైకి వచ్చేసరికి విసుగు పుట్టింది. ముప్ఫైకి అరికాలి మంట నెత్తికెక్కింది. బొమ్మలు గీయాల్సిన చేత్తో ఈ గుమాస్తా పనేమిటి? యాప్‌ను పరీక్షించి మార్కులు వేసే యంత్రం ఒకటుంది, అది మాట ఉందా లేదా అని చూస్తుందే తప్ప ఏం మాటో చూడదు. ఇక రెచ్చిపోయాను. డైరెక్టరమ్మ ఫోటో వెనక "ఉపన్యాసం మొదలైతే ఆగదు" అని రాశాను. నవ్వుతున్న కుటుంబం బొమ్మకు "ఆసుపత్రికి వచ్చి ఎవరైనా ఇలా నవ్వుతారా" అని. అపాయింట్‌మెంటు క్యాలెండరుకు "పడిగాపుల పట్టిక." మూలన అలంకారానికి పెట్టిన ఆకుకు "ఆకు, ఎందుకో దేవుడికే తెలియాలి." వెనక్కి వెళ్ళే బాణం గుర్తుకు "పారిపో." అప్పటికీ ఓపిక మిగలక చివరివాటన్నిటికీ "బొమ్మ, బొమ్మ, బొమ్మ" అని కొట్టేశాను.

"ఎవరు చూస్తారులే" అని పైకే అన్నాను. పక్క సీటు అమ్మాయి తలూపింది. కంటికి కనిపించని ఆ మాటలు చెవులతో చదివేవాళ్ళ కోసమేనన్న ముక్క మా ఇద్దరిలో ఒక్కరికీ వెలగలేదు. యంత్రం నూటికి తొంభై ఎనిమిది వేసింది. తథాస్తు ఆ అంకెను పెద్దక్షరాలతో అచ్చువేయించి గోడకు అంటించాడు.

ఆసుపత్రివాళ్ళు మీటింగు పెట్టి, నిజమైన పేషెంటు చేత వాడించి చూపించమన్నారు. నేను చెప్పగా తథాస్తు మా అత్తను అడిగాడు. అత్త ఒకే ఒక షరతు పెట్టింది.

"నా కొత్త రిపోర్టు వచ్చే రోజే పెట్టండి. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటాను. పదిమందిలో ఉన్నా నాకొక్కదానికే వినిపిస్తుంది. మీ పనీ అవుతుంది, నా పనీ అవుతుంది."

ఆ రోజు అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, చేతికర్ర తుడుచుకుని, మునుపు డ్యూటీకి వెళ్ళినట్టే పావుగంట ముందు తయారైంది. ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూసి చాలా ఏళ్ళయింది. నాకు ముచ్చటేసింది.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల, పన్నెండు కుర్చీలు, మూతలు విప్పని నీళ్ళ సీసాలు. డైరెక్టరమ్మ, నలుగురు డాక్టర్లు, ల్యాబు ఇన్‌చార్జి, మా తథాస్తు. నేను ఎప్పుడూ చేసే పని చేశాను. అత్త ఫోనును ప్రొజెక్టరుకు కలిపాను. ఫోనులో కనిపించేదంతా ఎదుటి గోడమీద పడింది. డెమో అంటే అదే కదా. అత్తకు ఆ సంగతి చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు.

అత్త ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, తెరమీద వేలితో పక్కకు తోసింది. వేణువు కాబోలు, ముఖం చిట్లించింది. ఇంకోసారి తోసింది. ఆవిడ కుడి కనుబొమ పైకి లేచింది.

ఆ కనుబొమ నాకు తెలుసు. పదో క్లాసులో నా ప్రోగ్రెస్ కార్డును ఎవరిచేతో చదివించుకున్నప్పుడు అలాగే లేచింది. అప్పుడు గుర్తొచ్చింది నేను ఆ బొమ్మల వెనకాల ఏం రాశానో. పై ప్రాణాలు పైనే పోయాయి.

అత్త గొంతు సవరించుకుని, ఆపరేటరు గొంతుతో, "డైరెక్టర్ గారి ఫోటో" అంది.

ఇంకోసారి తోసింది. "నవ్వుతున్న కుటుంబం." ఇంకోటి. "అపాయింట్‌మెంట్లు." ఇంకోటి. ఒక్క క్షణం ఆగింది. "ఆకు."

అత్తకు ఉద్యోగంలో ఒక నియమం ఉండేది. చెవిలో పడిందంతా నోట పలకకూడదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మేనేజర్ల తిట్లు ఒక చెవిన విని, "సార్ మీటింగులో ఉన్నారండీ" అని చెప్పిన మనిషి. పక్కనున్న మాటలను బట్టి ఏ బొమ్మ ఏమిటో ఊహించి, నా గుట్టు కడుపులో పెట్టుకుని, ఒక్క తప్పు లేకుండా ఒప్పజెబుతూ పోయింది. నేను చొక్కా చేతితో చెమట తుడుచుకున్నాను. తథాస్తు ఆ యాప్‌ను తనే పుట్టించినంత గర్వంగా అందరి వంకా చూస్తున్నాడు.

"చాలా బాగుంది" అంది డైరెక్టరమ్మ. "ఇప్పుడు రిపోర్టు తెరవండమ్మా."

అత్త వెన్ను నిటారుగా చేసుకుంది. ఇయర్‌ఫోను ఇంకా లోపలికి నొక్కుకుని, రెండుసార్లు తట్టింది.

గోడమీద రిపోర్టు ప్రత్యక్షమైంది. ఆ ఆసుపత్రి పద్ధతేమిటంటే, ల్యాబు ఇన్‌చార్జి కాగితాన్ని బల్లమీద పెట్టి తన ఫోనుతో ఫోటో తీసి ఎక్కిస్తాడు. కాబట్టి కాగితం కాస్త వంకరగా ఉంది, కింది మూలన ఆయన ఎడమచేతి బొటనవేలు గోడమీద సొరకాయంత ఉంది. చక్కెర అంకె చుట్టూ ఎర్రటి సున్నా. దాని కింద డాక్టరు చేతిరాత: "తీపి తినడం లేదంటున్నారు. రక్తం అలా అనడం లేదు."

ఒక డాక్టరు ఫక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నాడు. ఆయన్ను చూసి ఇంకొకాయన. తథాస్తు కూడా పెదవి కొరుక్కున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. అటక మీది డబ్బాను దించి అత్తకు అందించింది మా ఆవిడేనని ఆ క్షణంలోనే అర్థమైంది.

అత్త వేలు మాత్రం అటూ ఇటూ ఆడుతోంది. ఆవిడ చెవిలో ఏం వినిపిస్తోందో నాకు తెలుసు. ఆ పేజీలో ఉన్నవి రెండే. "బొమ్మ. పారిపో. బొమ్మ. పారిపో."

"ఎందుకు నవ్వుతున్నారు?" అంది అత్త.

నవ్వు ఆగిపోయిన గదిలో ప్రొజెక్టరు చప్పుడు ఒక్కటే మిగిలింది. అత్త తల ఆ చప్పుడు వైపు తిరిగింది.

"ఒరేయ్, నా ఫోను గోడమీద కనిపిస్తోందా?"

"అవును అత్తా."

"నా రిపోర్టు కూడానా?"

"అవును."

"ఎంతమందిమి ఉన్నాం ఇక్కడ?"

"తొమ్మిది మందిమి."

"అయితే ఎనిమిది మంది చదివారు. చదవనిది నేనొక్కదాన్నే."

తథాస్తు ఒక్క గెంతులో వెళ్ళి వైరు లాగేశాడు. "ఆపేశానండీ" అన్నాడు.

"ఇప్పుడెందుకు నాయనా, అందరూ చదివేశాక" అంది అత్త. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. సిగ్గుతో నాకు బల్ల కింద దూరాలనిపించింది.

అత్త డైరెక్టరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఇంతసేపూ నేను చెప్పిన మాటలు దీంట్లో లేవు. మావాడి పరువు పోతుందని నేను కల్పించి చెప్పాను. వాడు నా పరువు చూడలేదు కాబట్టి ఇక నాకు ఆ బాధ్యత లేదు. దీంట్లో ఏముందో మీరే వినండి."

గడగడమ్మ వేగాన్ని మనుషులకు అర్థమయ్యేంతకు తగ్గించి, ఇయర్‌ఫోను వైరు పీకేసి, యాప్‌ను మళ్ళీ మొదటి నుంచి తెరిచింది. మొదట వేణువు. ఆ తర్వాత గది నిండా స్పష్టమైన గొంతు: "ఉపన్యాసం మొదలైతే ఆగదు."

"అది ఏ బొమ్మ?" అంది డైరెక్టరమ్మ.

తథాస్తు నన్ను చూశాడు. నేను నీళ్ళ సీసాను చూశాను.

"మీ ఫోటో అండీ" అన్నాను.

డైరెక్టరమ్మ తన చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టింది. "అన్నీ విందాం" అంది. అన్నీ విన్నది. నూట నలభై మూడూ. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఎవరైనా కదిలితే అటు చూసేది. ఆఖరున, "ఇన్నిట్లోకీ ఆ పారిపో ఒక్కటే సరిగ్గా రాశారు. మీరిక వెళ్ళొచ్చు. ఈవిడ బాగుందని చెప్పేదాకా ఈ యాప్ బయటికి రాదు. రిపోర్టులు ఇకనుంచి ఫోటోలు కావు, టైపు చేసి ఎక్కించాలి" అంది.

"నేను ఫోటో చక్కగానే తీస్తానండీ" అన్నాడు ల్యాబు ఇన్‌చార్జి నొచ్చుకుంటూ. "వేలు పెట్టకపోతే కాగితం ఎగిరిపోతుంది. పైన ఫ్యాను."

కారులో ఇంటికి వచ్చాం. తాళం తీస్తున్నప్పుడు నేనే, "సారీ అత్తా, సరదాకి రాశాను" అన్నాను.

"సరదాకి నువ్వు నన్ను తిట్టినా నాకేం కాదు" అంది. "మీరిద్దరూ ఆఫీసులకు వెళ్ళాక పగలంతా నాతో మాట్లాడేది ఆ గొంతొక్కటేరా. అది చెప్పిందే నేను నమ్మాలి. దాని నోట్లో చెత్త పోశావు."

 

మర్నాటి నుంచి సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర అత్త ఎదుట కూర్చుని బొమ్మలకు మాటలు రాశాను. ముందుగా అత్త వేణువును చంపింది. "వాడు ఊదుతుంటే గడగడమ్మ ఏం చెబుతోందో వినపడి చావదు. ధైర్యం నాకుంది, కాస్త నిశ్శబ్దం ఇవ్వండి చాలు" అంది. తర్వాత ఆకు దగ్గరికి వచ్చాం. నేను పశ్చాత్తాపం కొద్దీ "లేత ఆకుపచ్చ రంగులో, మంచుబిందువుతో మెరుస్తున్న అందమైన ఆకు" అని రాసుకొచ్చాను.

"ఇదెందుకు?"

"నీకూ తెలియాలి కదా అత్తా."

"ఒంట్లో బాలేక డాక్టరు కోసం వెతుకుతుంటే మంచుబిందువు నాకెందుకురా? ఫోను చేసినవాడికి ఆపరేటరు ఏం చెప్పాలి? అడిగినవాళ్ళకు లైను కలపాలి. మా కిటికీ బయట కాకి వాలిందని చెప్పకూడదు. ఆకును వదిలెయ్."

ఆకును వదిలేశాం. అలాంటివి అరవై దాకా వదిలేశాం. మిగిలినవాటికి రెండేసి మూడేసి మాటలు. అన్నీ అయ్యాక యంత్రం మార్కులు తొంభై ఒకటికి పడ్డాయి. అత్తను అడిగితే నలభై వేసింది. సున్నా నుంచి నలభైకి ఎక్కడం మా అత్త దగ్గర మామూలు విషయం కాదు. తథాస్తు గోడమీది కాగితం చింపేశాడు. నలభై అచ్చువేయించమంటే మాత్రం ఒప్పుకోలేదు.

ల్యాబు ఇన్‌చార్జి టైపు నేర్చుకోవడానికి రెండు వారాలు మొరాయించాడు. అత్త ఆయనకు రోజూ పొద్దున పది గంటలకు ఫోను చేసి, "ఇవాళ ఎన్ని టైపు చేశారు నాయనా?" అని మర్యాదగా అడిగేది. మూడో వారానికి ఆయన తనే ముందుగా ఫోను చేసి చెప్పడం మొదలుపెట్టాడు.

మళ్ళీ రక్తపరీక్ష అయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త ఫోను చిన్నగా మోగింది. ఆవిడ దాన్ని తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను అప్పటికే తుడిచిన బల్లను మళ్ళీ తుడుస్తూ ఆ తలుపు దగ్గరే తచ్చాడాను. ఒక్క ముక్క వినిపించలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. మా ఆవిడ వంటగదిలోంచి తొంగిచూసి, "బల్ల అరిగిపోతుంది" అంది.

తలుపు తెరుచుకుంది. అత్త ముఖంలో ఏమీ లేదు. అది ఆపరేటరు ముఖం.

"ఏమొచ్చింది అత్తా?"

"అంతా బాగుంది" అంది. అచ్చం నేను ఆ రోజు అన్నట్టే, అదే రాగం.

సాయంత్రం టీ వేళకు బిస్కెట్ల కోసం వంటగదిలోకి వెళ్ళాను. డబ్బా ఖాళీ. శుభ్రంగా కడిగి, గట్టుమీద బోర్లించి ఉంది. బిస్కెట్లన్నీ పొట్లం కట్టి పక్కింటి పిల్లలకు ఇచ్చేసిందట, టీలో చక్కెర వేయొద్దందట. మా ఆవిడకు కూడా అంతకుమించి తెలియదు.

డబ్బా చేత్తో పట్టుకుని అత్త గదికి వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"అత్తా, రిపోర్టు బాగుందన్నావు. డబ్బా కడిగేశావు."

"అవును" అంది. "రెంటిలో ఒకటి అబద్ధం."

"ఏది?"

అత్త ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంది.

ఆ యాప్ చేసింది నేనే. ఏ తలుపుకు ఏ తాళమో నాకు తెలుసు. నా బల్ల దగ్గర కూర్చుంటే రెండు నిమిషాల్లో ఆ రిపోర్టు తెరిచి చూడగలను. కూర్చున్నాను కూడా. కంప్యూటరు తెరిచాను, ఆసుపత్రి పేజీ దాకా వెళ్ళాను. భయంగా ఉంది. ఈవిడకు ఏమైనా అయితే నాకెవరున్నారన్న భయం. ఆ రోజు నేను డబ్బా దాచిందీ ఆ భయంతోనే. మూడు రోజులు ఏమీ తెలియకుండా కూర్చున్న మనిషి గురించి మాత్రం అప్పుడు ఆలోచించలేదు. పేజీ మూలన వెనక్కి వెళ్ళే బాణం గుర్తు కనిపించింది. దాన్ని నొక్కి బయటికి వచ్చేశాను.

"నాకూ చక్కెర వేయకు" అని మా ఆవిడతో చెప్పి, టీ పట్టుకెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. ఇద్దరం తాగాం. టీ చాలా అసహ్యంగా ఉంది.

"ఎలా ఉందిరా?" అంది అత్త.

"బాగుంది అత్తా" అన్నాను.